కీ నొక్కితే పలకనప్పుడు

వీడియో ఎడిటింగ్ చేతిపని. కట్ ఎక్కడ పడాలో కన్ను, చెవి కలిసి తేలుస్తాయి. ఆ తీర్పును కంప్యూటర్‌కు చేరవేసేవి మాత్రం వేళ్లు. కొంతకాలం పనిచేసిన ఎడిటర్ తనకు కావలసిన కమాండ్లను తన వేళ్లకు అందే కీలకు మార్చుకుంటాడు. అప్పటి నుంచి మౌస్ పట్టుకుని మెనూలు వెతకాల్సిన అవసరం ఉండదు, ఆలోచన ఎంత వేగంగా సాగితే కట్ అంత వేగంగా పడుతుంది. అలాంటి కీ ఒకరోజు ఉన్నట్టుండి పలకడం మానేస్తే ఆగిపోయేది ఒక్క కమాండ్ కాదు, పని మొత్తం.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు మిక్సింగ్ గదుల్లో పనిచేసేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మాఘం వచ్చిందంటే ముహూర్తాలు వరసకడతాయి. ఒక పెళ్లి ఫుటేజ్ కాపీ అవుతుండగానే ఇంకో పెళ్లి మెమరీ కార్డులు బల్ల మీదికి వస్తాయి. పెళ్లిళ్లు ఒక్కటే కాదు. ఈ నేల మీద పత్తి, మిరప వేసే రైతు ఇప్పుడు తెగుళ్ల సమాచారం ఫోన్‌లో వీడియోగా చూస్తున్నాడు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఒక ప్రాజెక్టుగా మొదలైన డిజిటల్ గ్రీన్, ఊరివాళ్లే తీసి ఎడిట్ చేసిన చిన్న వీడియోలను చేతిలో పట్టే ప్రొజెక్టర్ మీద ఊళ్లోనే చూపించే పద్ధతిని మన రాష్ట్రానికీ తెచ్చింది. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద విరుచుకుపడినప్పుడు, నీలి రంగు జిగురు అట్టలు ఎక్కడ, ఎంత ఎత్తులో కట్టాలో చూపించే వీడియో ఆ వారంలోనే రైతుకు చేరాలి. పది రోజులు ఆలస్యమైతే పూత రాలిపోయాక ఆ వీడియో ఎవరికీ అక్కరకు రాదు.

కాబట్టి ఎడిటర్ చేతి వేగం అతని సొంత సౌకర్యం మాత్రమే కాదు, అతని పని మీద ఆధారపడిన వాళ్లది కూడా. ఆ వేగాన్ని కాపాడుకోవడానికి ఈ అధ్యాయంలో ఒక పద్ధతి చెబుతాను. సాఫ్ట్‌వేర్ ఏదైనా, కంప్యూటర్ ఎవరిదైనా ఈ పద్ధతి మారదు.

కంగారులో చేసే పని

షార్ట్‌కట్ పనిచేయకపోతే మనలో చాలామంది చేసేవి మూడు. ముందు కీని గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కుతారు. తర్వాత సెట్టింగ్స్ తెరిచి కనిపించినవన్నీ మారుస్తారు. చివరికి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, లేదా విండోస్ ఫార్మాట్ చేయిస్తారు. మొదటిదానివల్ల ప్రయోజనం ఉండదు. రెండోదానివల్ల ఒక సమస్య నాలుగవుతుంది. మూడోదానికి సగం రోజు పోతుంది. ఎన్నో నెలలుగా కూర్చుకున్న సెట్టింగులు కూడా దాంతోపాటే పోతాయి. అసలు కారణం ఏమిటో మాత్రం తెలియదు కాబట్టి, వచ్చే నెల అదే సమస్య మళ్లీ ఎదురవుతుంది.

మన రైతు అలా చేయడు. నాగార్జునసాగర్ కుడి కాలువ 203 కిలోమీటర్ల పొడవున పల్నాడు మీదుగా ప్రకాశం దాకా వస్తుంది. చివరి భూముల్లో చేనుకు నీళ్లు అందకపోతే రైతు గట్టు పట్టుకుని నడుస్తాడు. మెయిన్ కాలువలో పారుతున్నాయా? మేజర్‌కు వదిలారా? తూము దగ్గర ఎవరైనా అడ్డం వేశారా? పిల్లకాలువ పూడిపోయిందా? ఒక్కోచోటు చూసుకుంటూ పోయి, ఎక్కడ ఆగిందో కనిపెట్టి, అక్కడే బాగుచేస్తాడు.

మీరు నొక్కిన కీ కూడా అలాగే నాలుగు చోట్లు దాటి రావాలి. మొదటిది కీబోర్డ్. రెండోది విండోస్, దానితోపాటు వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాములు. మూడోది టైపింగ్ భాష. నాలుగోది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఎక్కడ ఆగిందో తెలిసేదాకా ఏదీ మార్చకండి. ఈ అధ్యాయమంతటికీ మూలసూత్రం ఇదే.

ముందు మూడు ప్రశ్నలు

సెట్టింగ్స్ తెరవకముందే మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, పలకనిది ఒక్క కీయా, అన్నీనా? అన్నీ ఆగిపోతే కారణం పైన ఎక్కడో ఉంటుంది: కీబోర్డ్, విండోస్, భాష. ఒక్కటే ఆగితే చాలావరకు సాఫ్ట్‌వేర్ లోపలే ఉంటుంది.

రెండు, బయట కూడా పలకడం లేదా? నోట్‌ప్యాడ్ తెరిచి అదే కీ నొక్కండి. అక్కడ అక్షరం సరిగ్గా పడితే కీబోర్డ్ మీద అనుమానం వదిలేయవచ్చు. అక్షరం పడకపోయినా, వేరే అక్షరం పడినా మీకు సగం జవాబు దొరికినట్టే.

మూడు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది? కొత్త వెర్షన్ ఎక్కించారా? విండోస్ అప్‌డేట్ అయిందా? కొత్త కీబోర్డ్ తెచ్చారా? మీరు లేనప్పుడు ఆ సీట్లో ఇంకెవరైనా కూర్చున్నారా? నిన్న పనిచేసింది ఇవాళ ఆగిందంటే మధ్యలో ఏదో మారి ఉంటుంది. గుర్తు తెచ్చుకోండి, పక్కవాళ్లను అడగండి.

ఈ మూడింటికీ జవాబులు కాగితం మీద రాయండి. రాస్తే కంగారు తగ్గుతుంది. రేపు ఎవరినైనా సాయం అడగాల్సి వచ్చినా ఆ కాగితమే పనికొస్తుంది.

మొదటి చోటు: కీబోర్డ్

ఇక్కడ పరీక్ష తేలిక. విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది. దాని మీద మౌస్‌తో అదే షార్ట్‌కట్ నొక్కి చూడండి. అక్కడ పనిచేస్తే తప్పు మీ చేతి కింద ఉన్న కీబోర్డ్‌దే.

కారణాలు సాధారణంగా నాలుగు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న కీలు వాల్యూమ్, బ్రైట్‌నెస్ పనికి మారిపోయి ఉండవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే మామూలు స్థితికి వస్తాయి. రెండోది నమ్‌లాక్. కుడిపక్క అంకెల మీద షార్ట్‌కట్లు పెట్టుకున్నవారు అది వెలిగి ఉందో లేదో చూడాలి. మూడోది, తక్కువ ధర కీబోర్డ్‌లు కొన్ని రకాల మూడు కీల కలయికలను ఒకేసారి గుర్తించలేవు. కంట్రోల్ షిఫ్ట్‌తో ఒక అక్షరం పలికి, పక్క అక్షరం పలకకపోతే ఇదే కారణం కావచ్చు. ఆ కమాండ్‌ను రెండు కీల కలయికకు మార్చుకుంటే సరిపోతుంది.

నాలుగోది దుమ్ము. మిరప సీజన్‌లో యార్డు చుట్టుపక్కల గాలి సంగతి, జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలో తేలే పత్తి నూగు సంగతి ఇక్కడివాళ్లకు తెలుసు. తలుపులు తీసి ఉంచే గదిలో ఆ పొడి, నూగు కీల కింద చేరతాయి. కంప్యూటర్ ఆపి, కీబోర్డ్ తీగ పీకి, బోర్లించి మెల్లగా తట్టండి. మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి. పని అయ్యాక కీబోర్డ్ మీద గుడ్డ కప్పే అలవాటు చేసుకోండి.

రెండో చోటు: విండోస్, వెనకాల నడిచేవి

విండోస్‌లో చేతికి ఇబ్బంది ఉన్నవారి కోసం పెట్టిన రెండు సదుపాయాలు ఉన్నాయి. వాటిని తెలియకుండానే ఆన్ చేసేస్తుంటాం. షిఫ్ట్ కీని వరసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ అడుగుతుంది. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ వస్తుంది. క్లిప్పులు ఎంచుకుంటూ షిఫ్ట్ పట్టుకుని కూర్చునే ఎడిటర్‌కు ఇవి తరచూ తగులుతాయి. తెర మీద పడిన ప్రశ్నను చదవకుండా ఎంటర్ కొడితే, స్టికీ కీస్ వల్ల షిఫ్ట్ వదిలినా పట్టుకున్నట్టే ఉంటుంది, ఫిల్టర్ కీస్ వల్ల వేగంగా నొక్కిన కీలు లెక్కలోకి రావు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిచి రెండూ ఆపేయండి. వాటిని పిలిచే షార్ట్‌కట్‌ను కూడా అక్కడే ఆపవచ్చు.

తర్వాత చూడాల్సినవి వెనకాల నడిచే ప్రోగ్రాములు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుతో వచ్చే ఓవర్‌లే ఆల్ట్ జెడ్‌ను తనకోసం తీసుకుంటుంది. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు ఉన్న కంప్యూటర్లలో కంట్రోల్, ఆల్ట్, కింది బాణం నొక్కితే తెర తలకిందులవుతుంది. భయపడనక్కర్లేదు, అదే కలయికతో పై బాణం నొక్కితే సరవుతుంది. స్క్రీన్ రికార్డర్లు కూడా ఇలాగే కొన్ని కీలను పట్టుకుంటాయి. అనుమానం వస్తే వాటిని ఒక్కొక్కటిగా మూసి చూడండి. ఏది మూసినప్పుడు మీ కీ పలికిందో దానిదే పని. ఇక విండోస్ ఎల్, ఆల్ట్ ట్యాబ్, ఆల్ట్ ఎఫ్4 లాంటివి విండోస్ సొంతం. వాటి జోలికి వెళ్లకుండా వేరే కీలు ఎంచుకోండి.

మూడో చోటు: తెలుగు టైపింగ్

ఇంగ్లీషులో వచ్చే గైడ్లలో ఈ చోటు గురించి దాదాపు ఉండదు. మన ఎడిటర్లకు ఎక్కువగా తగిలేది మాత్రం ఇదే.

పెళ్లి వీడియోకు వధూవరుల పేర్లు తెలుగులో వేయాలి. రైతు వీడియోకు మందు పేరు, మోతాదు తెలుగులో రాయాలి. అందుకోసం విండోస్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్ చేస్తాం. టైటిల్ పూర్తవుతుంది, భాష మాత్రం తెలుగులోనే ఉండిపోతుంది. టైమ్‌లైన్‌కు వచ్చి నొక్కితే కొన్ని కీలు పలుకుతాయి, కొన్ని పలకవు. అదే అసలైన అయోమయం. కొన్ని కమాండ్లు కీ ఏ స్థానంలో ఉందో చూస్తాయి, కొన్ని ఆ కీ వల్ల పుట్టిన అక్షరాన్ని చూస్తాయి. అక్షరాన్ని చూసేవి తడబడతాయి.

ఇన్‌స్క్రిప్ట్ తీసుకోండి. 1991 నాటి భారతీయ ప్రమాణంలో చోటు దక్కిన కీబోర్డ్ అమరిక అది. అందులో జే స్థానంలో ‘ర’, కే స్థానంలో ‘క’, ఎల్ స్థానంలో ‘త’ ఉంటాయి. క్లిప్‌ను వెనక్కి నడపడానికి జే, ఆపడానికి కే, ముందుకు నడపడానికి ఎల్ ప్రపంచమంతా ఎడిటర్లు వాడే మూడు కీలు. మీరు జే, కే, ఎల్ అనుకుని నొక్కుతుంటే కంప్యూటర్‌కు ర, క, త చేరుతున్నాయి. నోట్‌ప్యాడ్‌లో ఆ మూడు కీలు నొక్కి చూడండి, ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డ్‌లోనూ ఇబ్బంది ఇలాంటిదే. అను లాంటి తెలుగు టైపింగ్ ప్రోగ్రాములు వాడేవారు టైటిల్ పని అయ్యాక వాటిని పూర్తిగా మూయాలి. కింద కుడిమూల గడియారం పక్కన చూసి, అక్కడ కూడా లేకుండా మూయాలి.

ఇంకో చిక్కు తెలియకుండా జరుగుతుంది. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే విండోస్ భాష మారుస్తుంది. మీ సొంత షార్ట్‌కట్‌లో ఆల్ట్, షిఫ్ట్ రెండూ ఉంటే, మూడో కీ దగ్గర వేలు తడబడిన ప్రతిసారీ మీకు తెలియకుండానే తెలుగులోకి వెళ్లిపోతారు. ఆ తర్వాత పలకని కీకి, ఆ తడబాటుకు సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మరో సంగతి: ఇంగ్లీష్ ఇండియా కీబోర్డ్ పెట్టుకున్నవారికి కంట్రోల్, ఆల్ట్, 4 కలిపితే రూపాయి గుర్తు వస్తుంది. ఆ కలయికను కమాండ్‌కు వాడకపోవడం మంచిది.

ఇక్కడ శాశ్వతంగా చేసుకోవాల్సిన మార్పులు రెండు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ దాకా వెళ్లండి. ఒక్కో విండోకు ఒక్కో భాష గుర్తుంచుకునే ఆప్షన్ అక్కడ ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. తెలుగును నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి టైటిల్‌లోకి కాపీ చేసుకుంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. అదే పేజీలో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి, ఆల్ట్ షిఫ్ట్‌కు ఉన్న పనిని తీసేయండి. భాష మార్చాలనుకున్నప్పుడు విండోస్ కీ, స్పేస్ వాడండి. అది పొరపాటున పడదు, ఏ భాషలో ఉన్నారో తెర మీద కనిపిస్తుంది కూడా.

నాలుగో చోటు: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్

మూడు చోట్లూ సవ్యంగా ఉంటే ఇప్పుడు లోపలికి రండి. ఇక్కడ అడ్డుపడేవి ముఖ్యంగా నాలుగు: ప్యానెల్, ట్రాక్, ఢీకొట్టుకున్న కీలు, ప్రీసెట్. ప్రీమియర్ ప్రో ఉదాహరణతో చెబుతాను.

ప్రీమియర్‌లో ఏ ప్యానెల్ చురుకుగా ఉందో దాని చుట్టూ నీలి గీత ఉంటుంది. కొన్ని కమాండ్లు మొత్తం సాఫ్ట్‌వేర్‌కు పనిచేస్తాయి, కొన్ని ఒక్క ప్యానెల్‌లోనే పనిచేస్తాయి. ఒకే కీకి రెండూ ఉంటే, చురుకుగా ఉన్న ప్యానెల్ మాటే చెల్లుతుంది. కాబట్టి కీ పలకకపోతే ముందు నీలి గీత ఎక్కడుందో చూడండి. షిఫ్ట్ 3 నొక్కితే టైమ్‌లైన్‌కు వస్తారు. టైటిల్ రాసే పెట్టెలోనో వెతికే పెట్టెలోనో కర్సర్ ఉండిపోతే, మీరు నొక్కే కీలన్నీ అక్షరాలుగా పడుతుంటాయి. ఎస్కేప్ కొట్టి, టైమ్‌లైన్ మీద క్లిక్ చేసి, మళ్లీ ప్రయత్నించండి.

రెండోది ట్రాక్. కంట్రోల్ కేతో కట్ కొడితే కింద పాట ట్రాక్ తెగలేదంటారు. కీ పలికింది, ఆ ట్రాక్ ఎంపికలో లేదు. ఎడమపక్క వీ1, ఏ1 అని వెలిగే గుర్తులు చూడండి. తాళం గుర్తు వేసి ఉన్నా ట్రాక్ తెగదు. అన్ని ట్రాకులూ ఒకేసారి తెగాలంటే కంట్రోల్ షిఫ్ట్ కే ఉంది.

మూడోదైన ఢీకొట్టుకునే కీల సంగతి వేరు. కీ పెట్టుకున్న రోజు అది బయటపడదు, ఎన్నో రోజుల తర్వాత బయటపడుతుంది. చిలకలూరిపేటలో ఒక మిక్సింగ్ గది ఊహించుకోండి. మూడు కెమెరాలతో తీసిన పెళ్లి. జీలకర్ర బెల్లం ఘట్టం. మల్టీ కెమెరా నడుస్తుండగా 1, 2, 3 నొక్కి కెమెరా మార్చాలి.

‘‘అన్నా, రెండు నొక్కుతున్నా కెమెరా మారట్లా.’’

‘‘పక్క అంకెలు నొక్కుతున్నావా, పైవరసా?’’

‘‘పైవరసే అన్నా. పక్కవి నొక్కితే టైమ్ పడుతోంది.’’

‘‘మరి క్లిప్ రంగేంట్రా, మారింది? ఆ రెండుకు ఇంకేదన్నా పని పెట్టావా?’’

పెట్టాడు. కిందటి నెల అమ్మాయి తరఫు క్లిప్పులకు ఒక రంగు, అబ్బాయి తరఫు క్లిప్పులకు ఒక రంగు లేబుల్ వేయడానికి 1, 2 కీలు వాడుకున్నాడు. అప్పుడు చేసినవన్నీ ఒక్క కెమెరా పనులు, అందుకే ఇబ్బంది తెలియలేదు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది, అతను చదవకుండా ఓకే కొట్టాడు. ఈ సంభాషణలో గమనించాల్సింది ఆ అన్న అడిగిన తీరు. నేరుగా సెట్టింగ్స్‌లోకి పొమ్మనలేదు. కీ ఏం చేయలేదో వినడంతో ఆగకుండా, బదులుగా ఏం చేసిందో చూశాడు. పలకలేదనుకున్న కీ చాలాసార్లు ఇంకేదో పలుకుతూనే ఉంటుంది. తెరను నిదానంగా చూస్తే అది కనిపిస్తుంది.

ఇలాంటి చోట కంట్రోల్ ఆల్ట్ కే నొక్కండి. షార్ట్‌కట్ల కిటికీ తెరుచుకుని కీబోర్డ్ బొమ్మ కనిపిస్తుంది. అందులో ఊదా రంగు కీలు మొత్తం సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి, ఆకుపచ్చవి ఒక్కో ప్యానెల్‌వి, రెండు రంగులూ ఉన్నవి రెండింటివీ. మీ కీ మీద క్లిక్ చేస్తే దానికి ఏ పనులు ఉన్నాయో కనిపిస్తాయి. కొత్త కీ ఇచ్చేటప్పుడు అది ఇప్పటికే వేరే కమాండ్‌కు ఉంటే, కింద హెచ్చరిక వస్తుంది. అన్‌డూ కూడా అక్కడే ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదవండి. రేపటి చిక్కుల్లో సగం అక్కడే తీరిపోతాయి.

నాలుగోది ప్రీసెట్. అదే కిటికీలో పైన ఏ ప్రీసెట్ నడుస్తోందో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఒకే సిస్టమ్ మీద కూర్చునే చోట, ముందు కూర్చున్నవారు తమది పెట్టుకుని వెళ్లి ఉంటారు. మీ కీలు పోలేదు, మీ ప్రీసెట్ ఎంపికలో లేదంతే.

డావిన్సీ రిజాల్వ్ వాడేవారికి కంట్రోల్ ఆల్ట్ కే నొక్కితేనే కీబోర్డ్ కస్టమైజేషన్ వస్తుంది. అక్కడ ఎడిట్ పేజీ, కలర్ పేజీ, ఫెయిర్‌లైట్ పేజీ వేరు వేరు కాబట్టి ఒకే కీ ఒక్కో పేజీలో ఒక్కో పని చేయవచ్చు. ప్రీమియర్ నుంచి వచ్చినవారి కోసం ప్రీమియర్ కీల ప్రీసెట్ కూడా అందులోనే ఉంది. జపాన్‌కు చెందిన కానోపస్ తయారుచేయగా తర్వాత గ్రాస్ వ్యాలీ చేతికి వచ్చిన ఎడియస్ మన పెళ్లి వీడియోల రంగంలో బాగా పాతుకుపోయింది. దానిలో యూజర్ సెట్టింగ్స్, యూజర్ ఇంటర్‌ఫేస్ కింద కీబోర్డ్ షార్ట్‌కట్ ఉంటుంది. పేర్లు వేరైనా చూడాల్సినవి అవే: ఏ కిటికీ చురుకుగా ఉంది, ఏ ట్రాక్ ఎంపికలో ఉంది, ఆ కీ ఇంకెవరి దగ్గర ఉంది.

మీ కీలు మీ దగ్గర ఉండాలి

ప్రీమియర్ మీ షార్ట్‌కట్లను కేవైఎస్ అనే చిన్న ఫైల్‌గా దాస్తుంది. డాక్యుమెంట్స్‌లో అడోబీ, ప్రీమియర్ ప్రో, వెర్షన్ సంఖ్య, ప్రొఫైల్, విన్ అనే ఫోల్డర్లలో అది ఉంటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లోకి మారి ఉంటే అక్కడ వెతకాలి. కొత్త వెర్షన్‌కు వెళ్లాక పాత కీలు కనిపించకపోతే ఏడవనక్కర్లేదు. పాత వెర్షన్ ఫోల్డర్‌లోని ఆ ఫైల్‌ను కొత్త వెర్షన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచి, ప్రీసెట్ల జాబితాలో ఎంచుకోండి. రిజాల్వ్‌లో అయితే కస్టమైజేషన్ కిటికీలోని మూడు చుక్కల మెనూలో ప్రీసెట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలుంది.

ఆ ఫైల్‌కు మీ పేరు, నెల, సంవత్సరం పెట్టండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒక కాపీ మీ మెయిల్‌లో ఉంచండి. ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసేముందు, సాఫ్ట్‌వేర్ తీసేముందు, విండోస్ ఫార్మాట్ చేయించేముందు ఆ కాపీ ఉందో లేదో చూడండి. గుంటూరులో ఒక నెల, ఒంగోలులో ఒక నెల పనిచేసే ఎడిటర్‌కు ఈ చిన్న ఫైలే పనిముట్ల సంచి. ఇంకొకరి సీట్లో కూర్చున్నప్పుడు మీ ప్రీసెట్ ఎక్కించుకోండి, లేచేటప్పుడు వాళ్లది మళ్లీ పెట్టి లేవండి. ఎదుటివారి చేతిని గౌరవించడం ఈ వృత్తిలో మర్యాద.

తక్కువ కీలు, దగ్గర కీలు

చిక్కులు తీర్చుకోవడం కన్నా రాకుండా చూసుకోవడం తేలిక. కట్, కాపీ, పేస్ట్‌లకు ఎక్స్, సీ, వీ వచ్చిన తీరు చూడండి. వాటిని రూపొందించినవారిలో లారీ టెస్లర్ ముఖ్యుడు. 1983లో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్‌లో అన్‌డూకు జెడ్, ఈ మూడు పనులకు ఎక్స్, సీ, వీ కుదిరాయి. నాలుగూ పక్కపక్కనే, ఎడమచేతి కిందే ఉంటాయి. కుడిచేయి మౌస్ వదలక్కర్లేదు. నలభై ఏళ్లు దాటినా ప్రపంచం ఆ నాలుగింటినీ మార్చలేదు.

మీరూ అదే నియమం పాటించండి. రోజుకు ఎక్కువసార్లు వాడే కమాండ్లకే సొంత కీలు ఇవ్వండి. అవి ఎడమచేతికి అందే చోట ఉండాలి. ఒక్క కీ సరిపోయేచోట రెండు, రెండు సరిపోయేచోట మూడు వద్దు. సేవ్, అన్‌డూ, కాపీ, పేస్ట్ కీలను ఎప్పుడూ కదపకండి. ఒకేసారి ఇరవై కీలు మార్చితే వేళ్లకు ఏదీ అలవాటు కాదు. వారానికి రెండు మూడు మార్చి, అవి చేతిలో కూర్చున్నాక మిగతావి చూడండి. ఈ ప్రయోగాలకు ఆషాఢం, మూఢం మంచి కాలం. ముహూర్తాలు లేని రోజుల్లో నేర్చుకున్నది శ్రావణంలో అన్నం పెడుతుంది. డెలివరీ దగ్గర పడ్డ రాత్రి మాత్రం ఏ కీనీ మార్చకండి.

ఒకసారికి ఒక్క మార్పు

ఈ అధ్యాయంలో చెప్పిన సెట్టింగుల దారులు రేపు వచ్చే వెర్షన్‌లో మారవచ్చు. మారనిది మీ నడవడి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేశాక పరీక్షించండి. పనిచేయకపోతే దాన్ని మళ్లీ పాత స్థితికి తెచ్చి, అప్పుడే రెండోదానికి వెళ్లండి. ఇలా చేసినవారికి సమస్య తీరడమే కాదు, ఎందుకు తీరిందో కూడా తెలుస్తుంది. ఆ తెలివిడి వల్లే వచ్చేసారి గంట పట్టే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

సాయం అడిగేటప్పుడు కూడా ఇదే క్రమం పాటించండి. ‘షార్ట్‌కట్లు పనిచేయట్లేదు’ అని మాత్రమే చెబితే ఎంత తెలిసినవారైనా ఏమీ చెప్పలేరు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ కీ, ఏ ప్యానెల్‌లో ఉన్నారు, ఏం జరగాలి, బదులుగా ఏం జరుగుతోంది, మీరు ఇప్పటికే ఏవి చూశారు అన్నవి చెప్పండి. అలా అడిగిన ప్రశ్నలో సగం జవాబు ఉంటుంది. అడగడానికి సిగ్గుపడకండి, తెలిసింది చెప్పడానికి వెనకాడకండి. మన మిక్సింగ్ గదుల్లో చాలామంది పని నేర్చుకున్నది పక్కన కూర్చుని చూసే.

ఈ వారం చేయాల్సినవి

1. మీరు ఎక్కువగా వాడే పది కమాండ్లు, వాటి కీలు ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి.

2. మీ ప్రీసెట్‌ను పేరు, తేదీతో సేవ్ చేసి రెండుచోట్ల కాపీ ఉంచండి.

3. స్టికీ కీస్, ఫిల్టర్ కీస్ ఆపండి. భాష మార్చే ఆల్ట్ షిఫ్ట్‌ను తీసేయండి.

4. ఒక్కో విండోకు ఒక్కో భాష ఉండే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. తెలుగు టైటిళ్లను నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి తెచ్చుకోవడం మొదలుపెట్టండి.

5. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ కీ ఎప్పుడు మార్చారో, ఏ చిక్కు ఎలా తీరిందో ఒక్కో వాక్యం రాయండి.

6. పక్క సీటులోని కుర్రవాడికి ఈ నాలుగు చోట్లు ఏమిటో చెప్పండి. చెబితే మీకూ గట్టిపడుతుంది.

వీటన్నిటికీ ఒక సాయంత్రం చాలు, పైసా ఖర్చు లేదు. రేపు ఏదైనా కీ పలకకపోతే గట్టిగా నొక్కకండి, ఫార్మాట్ మాట ఎత్తకండి. కీబోర్డ్, విండోస్, భాష, సాఫ్ట్‌వేర్ అన్న వరసలో చూసుకుంటూ వెళ్లండి. కారణం ఆ నాలుగింటిలో ఒకచోట ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి కావలసింది పెద్ద చదువు కాదు, నిదానం. అది మీ దగ్గర ఉంది. ఈ రాత్రి సిస్టమ్ ఆపేముందు ఆ ప్రీసెట్ కాపీ ఒక్కటి తీసి పెట్టుకోండి, మిగతావి రేపటి నుంచి మొదలుపెట్టండి.